తిరిగే చుక్కలు - ఒక గుమాస్తా లెక్క

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకోవడానికి మనం ఏటా సమావేశమవుతున్నాం. ఆ తీర్పు గురించీ, డి.ఏ. బకాయిల గురించీ నాకంటె బాగా చెప్పగల పెద్దలు వేదిక మీద ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు వేరే విషయం చెప్పమన్నారు. ప్రతి ఏడూ అవే మాటలయితే మనవలు, మనవరాళ్ళు సభకు రావడం మానేస్తున్నారని వారి బాధ. అందుకని ఈ రోజు నక్షత్రాల గురించి మాట్లాడతాను. జాతకాల సంగతి కాదు, లెక్కల సంగతి. బొంగరంలా వేగంగా తిరిగే నక్షత్రాల వేగాన్ని వాటి వెలుగులోంచి ఎలా లెక్క కడతారన్నదే నా విషయం.

రిటైరయిన గుమాస్తాకు ఈ గొడవ ఎందుకని మీరడగవచ్చు. నేను బి.యస్సీ. లెక్కలు చదివాను. ఎం.యస్సీ. చదవాలని ఉండేది. ఆ ఏడే మా నాన్నగారు పోవడంతో ఎల్.డి.సి.గా చేరిపోయాను. లెక్కలు పోయి లెడ్జర్లు వచ్చాయి. డెబ్బై దాటిన తరువాత, మా మనవరాలు ఎం.యస్సీ. ఫిజిక్స్ చదువుతూ ఒక రోజు గళ్ళ కాగితం ఒకటి తెచ్చి, "తాతయ్యా, ఈ కూడికలు ఒకసారి సరిచూడు" అంది. ఆ కూడికలు సరిచూడబోయి ఇందులో పడ్డాను. ఈ వేళ మీ ముందు చెప్పేదంతా ఆ పిల్ల నాకు ఓపికగా నేర్పినదే. తప్పులుంటే నావి.

ముందు మన ఊరి మాట ఒకటి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చి దాన్ని చూశాడు. సూర్యుడి అంచున ఎగిసిపడే మంటల వెలుగును పట్టకం గుండా పరీక్షించి, అందులో మెరిసే గీతలను గుర్తించాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి పాగ్సన్ చూశాడు. ఆ గీతలలో పసుపుపచ్చనిది ఒకటి భూమి మీద అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దానికే తరువాత హీలియం అని పేరు పెట్టారు. కాబట్టి వెలుగులోని గీతలను చదవడం అనే విద్య మన గుంటూరుకు పరాయిది కాదు.

ఆ గీతలంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. నక్షత్రపు వెలుగును పట్టకంతో విడదీస్తే ఇంద్రధనుస్సులా రంగుల పట్టీ వస్తుంది. దానినే వర్ణపటం అంటారు. ఆ పట్టీలో అక్కడక్కడా నల్లని సన్న గీతలుంటాయి. సూర్యుడి పట్టీలో ఇలాంటి గీతలను 1814 ప్రాంతంలో ఫ్రాన్‌హోఫర్ అనే జర్మన్ ఐదువందలకు పైగా లెక్కపెట్టాడు. నక్షత్రపు పైపొరలలో ఉన్న ఇనుము, మెగ్నీషియం, హైడ్రోజన్ వంటివి తమ తమ రంగులను మింగేయడం వల్ల ఆ గీతలు పడతాయి. ఏ గీత ఏ మూలకానిదో, ఏ స్థానంలో ఉండాలో మనకు ప్రయోగశాలలో తెలుసు.

ఇక తిరుగుడు సంగతి. రైలు కూత వేస్తూ మనవైపు వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం ఇది. వెలుగుకూ ఇదే వర్తిస్తుంది. మనవైపు వచ్చే వస్తువు వెలుగు నీలం వైపుకు, దూరంగా పోయే వస్తువు వెలుగు ఎరుపు వైపుకు కొద్దిగా జరుగుతుంది. తిరిగే నక్షత్రంలో ఒక అంచు మనవైపు వస్తుంటే రెండవ అంచు వెనక్కి పోతుంటుంది. కాని నక్షత్రం మనకు చుక్కలాగే కనిపిస్తుంది కనుక రెండు అంచుల వెలుగూ, నడిమి వెలుగూ కలిసిపోయే వస్తాయి. ఒకచోట పడవలసిన గీత కొంత అటు, కొంత ఇటు జరిగి వెడల్పుగా, పల్చగా అలుక్కుపోతుంది. తడి కాగితం మీద రబ్బరు స్టాంపు కొడితే అక్షరం ఎలా పాకుతుందో అలా పాకుతుంది.

ఎంత పాకుతుందో చూద్దాం. మెగ్నీషియం గీత ఒకటి 4481 ఆంగ్‌స్ట్రాంల దగ్గర ఉంటుంది. ఆంగ్‌స్ట్రాం అంటే మిల్లీమీటరులో కోటో వంతు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. మన సూర్యుడు సుమారు 25 రోజులకొక చుట్టు తిరుగుతాడు. నడుము దగ్గర వేగం సెకనుకు 2 కిలోమీటర్లు. 4481ని 2తో గుణించి 3 లక్షలతో భాగిస్తే 0.03 వస్తుంది. అంటే గీత ఒక్కొక్క పక్కకు 0.03 ఆంగ్‌స్ట్రాం మాత్రమే పాకుతుంది. అదే సెకనుకు 200 కిలోమీటర్ల వేగంతో తిరిగే నక్షత్రంలో 3 ఆంగ్‌స్ట్రాంలు పాకుతుంది. సూర్యుడికి నూరు రెట్లు. ఇలాంటి నక్షత్రాలు ఎక్కడో ఉన్నవి కావు. మన పంచాంగంలో ఉన్న మఖ, శ్రవణం వాటిలోవే.

1877లో ఆబ్నీ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఈ ఆలోచన మొదట చెప్పాడు. కొన్ని నక్షత్రాల గీతలు వెడల్పుగా ఉండడానికి వాటి తిరుగుడే కారణం కావచ్చునన్నాడు. ఆ కాలంలో పెద్ద పేరున్న జర్మన్ శాస్త్రవేత్త ఫోగెల్ ఒప్పుకోలేదు. ఒకే నక్షత్రంలో కొన్ని గీతలు వెడల్పుగా, కొన్ని సన్నగా ఉన్నాయి, తిరుగుడే కారణమయితే అన్నీ వెడల్పు కావాలి కదా అని ఆయన ఆక్షేపణ. వాయువుల పీడనం వంటి ఇతర కారణాల వల్ల కూడా కొన్ని గీతలు వెడల్పవుతాయన్నది అప్పటికి తేలలేదు. ఆబ్నీ ఫైలు దాదాపు యాభై ఏళ్ళు కదలలేదు. మన ఆఫీసులే అనుకుంటాం గాని, అక్కడా అంతే.

1929లో ఆ ఫైలును మళ్ళీ పైకి తీసిన వారు ఇద్దరు. ఒకరు క్రిమియాలో పనిచేస్తున్న షాయిన్, రెండవవారు రష్యా వదిలి అమెరికా చేరిన స్ట్రూవే. వారి పద్ధతి గుమాస్తా పద్ధతి. నాకు బాగా నచ్చింది. నక్షత్రాన్ని ఒక గుండ్రని అప్పడం అనుకోండి. దాని ఇరుసు నిలువుగా ఉంది. ఇరుసుకు సమాంతరంగా అప్పడాన్ని నిలువు పట్టీలుగా కోయండి. ఇందులో ఒక చక్కని సౌకర్యం ఉంది. ఒక పట్టీలో పైనున్న బిందువయినా, కిందనున్నదయినా మనవైపు ఒకే వేగంతో వస్తుంది. పైకి పోయిన కొద్దీ బిందువు తిరిగే చుట్టు చిన్నదవుతుంది, వేగం తగ్గుతుంది. కాని ఆ వేగంలో మనవైపుకు వచ్చే పాలు పెరుగుతుంది. రెండూ సరికి సరిపోతాయి. అందుకని ఒక్కొక్క పట్టీకి ఒక్కొక్క వేగం, ఒక్కొక్క గీత. ఆ పట్టీ ఎంత పొడుగో ఆ గీతకు అంత బరువు.

మా మనవరాలు తెచ్చిన గళ్ళ కాగితంలో ఉన్న లెక్క ఇదే. నడిమి పట్టీ పొడుగు 100 అనుకుంటే, నడిమి నుంచి అంచుకు పోయే దారిలో 0.2 దగ్గర 98, 0.4 దగ్గర 92, 0.6 దగ్గర 80, 0.8 దగ్గర 60, అంచున 0. స్కూల్లో చదివిన మూడు-నాలుగు-అయిదు త్రిభుజం 0.6 దగ్గరా, 0.8 దగ్గరా కనిపించేసరికి నాకు పాత స్నేహితుడిని చూసినంత సంతోషమయింది. ఆ అంకెలను కాగితం మీద గుర్తించి కలిపితే తిరగేసిన గిన్నె ఆకారం వస్తుంది. తిరిగే నక్షత్రపు గీత ఆకారం అదే. నిజమైన నక్షత్రంలో నడుమకంటె అంచు కొంచెం మసకగా ఉంటుంది కనుక ఆ మేరకు అంచు పట్టీల బరువు తగ్గించుకోవాలి. వేర్వేరు వేగాలకు ఇలాంటి గిన్నెలు గీసుకుని, ఆకాశంలో దొరికిన గీతతో పోల్చి చూసి, ఏ గిన్నె సరిపోతే ఆ వేగం అన్నారు. ఎల్వీ అనే ఆయన 1930లో ఈ పద్ధతిలోనే వేగాల పట్టిక తయారు చేశాడు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. గీతను వెడల్పు చేసేది తిరుగుడు ఒక్కటే కాదు. అణువుల వేడి కదలికలు కొంత వెడల్పు చేస్తాయి. మన పరికరం కూడా కొంత అలుకుతుంది. ఒక స్టాంపు మీద ఇంకొకటి, దాని మీద మూడవది కొట్టినట్లు మూడు మసకలూ కలిసిపోయి ఉంటాయి. ఇందులో తిరుగుడు వాటా ఎంత అని విడదీయడం ఎలా?

దీనికి 1933లో కారల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒక దారి చూపాడు. ఆయన వాడిన పనిముట్టు ఫోరియర్ గణితం. ఫోరియర్ ఫ్రెంచివాడు. ఆయన కూడా మనవాడే, అంటే ప్రభుత్వోద్యోగి. నెపోలియన్ ఆయనను ఒక జిల్లాకు, మన కలెక్టరు లాంటి పదవిలో వేశాడు. ఆ ఉద్యోగం చేస్తూనే, వేడి ఒక వస్తువులో ఎలా పాకుతుందో లెక్క కడుతూ ఈ గణితం కనిపెట్టాడు. ఆఫీసు పనితో తీరిక లేదనే వారికి చెప్పవలసిన మాట ఇది.

ఫోరియర్ చెప్పినది ఇది. ఏ ఆకారాన్నయినా రకరకాల అలల కూడికగా రాయవచ్చు. కొన్ని పొడుగాటి అలలు, కొన్ని పొట్టివి. ఏ అల ఎంత పాళ్ళో పట్టిక వేసుకుంటే చాలు. మన భాషలో చెప్పాలంటే చిట్టాలో తారీఖుల వారీగా ఉన్న ఖర్చును ఆవర్జాలో పద్దుల వారీగా ఎక్కించడం. పైసా పోదు, పైసా రాదు. సొమ్ము అదే. కాని చిట్టాలో కనిపించని సంగతి ఆవర్జాలో కనిపిస్తుంది.

ఇక్కడ కనిపించే సంగతి ఏమిటంటే, చిట్టాలో ఒకదాని మీద ఒకటి అలుక్కుపోయిన మూడు మసకలు ఆవర్జాలో మామూలు గుణకారంగా మారిపోతాయి. అసలు గీత పద్దు, తిరుగుడు పద్దు, పరికరం పద్దు, మూడింటినీ గుణిస్తే మనకు దొరికిన పద్దు. ఏ అంకెను సున్నాతో గుణించినా సున్నాయే కదా! తిరుగుడు గిన్నెకు ఒక లక్షణం ఉంది. దాని వెడల్పుకు తగిన ఒకానొక అల దగ్గర శిఖరాల కింద పడిన మొత్తమూ, లోయల కింద పడిన మొత్తమూ సమానమై జమాఖర్చు సున్నా అవుతుంది. తక్కిన రెండు మసకలూ ఆ సున్నాను చెరపలేవు. కాబట్టి పద్దుల పట్టికలో మొదటి సున్నా ఎక్కడ పడిందో చూస్తే చాలు, తిరుగుడు ఎంతో తెలుస్తుంది.

సూత్రం కూడా చిన్నదే. సున్నా పడిన స్థానాన్ని, గీత ఒక పక్కకు పాకిన దూరంతో గుణిస్తే ఎప్పుడూ ఒకే అంకె వస్తుంది. అంచు మసక లేదనుకుంటే 0.61, మామూలుగా తీసుకునే మేరకు ఉందనుకుంటే 0.66. ఉదాహరణకు మన మెగ్నీషియం గీతలో, ఆంగ్‌స్ట్రాంకు 0.22 అలల దగ్గర సున్నా పడిందనుకుందాం. 0.66ను 0.22తో భాగిస్తే 3 ఆంగ్‌స్ట్రాంలు. మూడును 3 లక్షలతో గుణించి 4481తో భాగిస్తే సెకనుకు 201 కిలోమీటర్లు. త్రైరాశికం తెలిసినవారెవరయినా చేయగల లెక్క.

రెండవ సున్నా కూడా ఊరకే పోదు. నక్షత్రమంతా ఒకే ముద్దలా తిరుగుతుంటే రెండవ సున్నాకూ మొదటి సున్నాకూ నిష్పత్తి 1.72కూ 1.83కూ మధ్య ఉంటుంది. నడుము ఒక వేగంతో, ధ్రువాలు ఇంకొక వేగంతో తిరుగుతుంటే ఆ నిష్పత్తి మారుతుంది. రైనర్స్, ష్మిట్ అనే ఇద్దరు 2002లో దీనిని చక్కగా చూపారు.

కారల్ పద్ధతి కూడా చాలాకాలం బీరువాలోనే ఉంది. చేతితో ఆ కూడికలు చేయడం కష్టం. పైగా ఫోటో పలకల మీది గరుకులో సున్నాలు మునిగిపోయేవి. 1965లో కూలీ, టూకీ అనే వారు ఫోరియర్ లెక్కను కంప్యూటరు మీద త్వరగా చేసే పద్ధతి చెప్పారు. మంచి పరికరాలు వచ్చాయి. 1970ల నుంచి డేవిడ్ గ్రే వంటివారు దీనిని బాగా వాడకంలోకి తెచ్చారు.

ఇంత చక్కని లెక్కకూ రెండు హద్దులున్నాయి. అసలు ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇక్కడ నుంచే మొదలవుతుంది.

మొదటి హద్దు. వేగంగా తిరిగే నక్షత్రం గుండ్రంగా ఉండదు. నడుము ఉబ్బి, బత్తాయిపండులా అణిగి ఉంటుంది. మఖ నక్షత్రం ఒక చుట్టు 16 గంటల్లో తిరుగుతుంది. దాని నడుము వ్యాసం ధ్రువాల మధ్య దూరంకంటె దాదాపు మూడో వంతు ఎక్కువని 2005లో కొలిచారు. శ్రవణం ఉబ్బిన ఆకారాన్ని 2007లో ఏకంగా బొమ్మే తీశారు. ఇలా ఉబ్బిన చోట ఆకర్షణ తగ్గుతుంది, అక్కడ వెలుగు కూడా తగ్గుతుందని ఫాన్ జైపెల్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1924లోనే చెప్పాడు. అంటే అన్నిటికంటె వేగంగా పరుగెత్తే నడుమే మసకగా ఉంటుంది. గీతలో దాని వాటా తక్కువ పడుతుంది. లెక్కలో వేగం అసలుకంటె తక్కువగా వస్తుంది. ఎక్కువ కష్టపడేవాడి పేరే కాగితం మీద తక్కువగా పడినట్లు.

రెండవ హద్దు ఇంకా పెద్దది. తిరగలిని పక్కనుంచి చూస్తే రాయి అంచు మనవైపు వచ్చిపోతూ కనిపిస్తుంది. పైనుంచి చూస్తే? ఎంత వేగంగా తిరిగినా ఏ భాగమూ మనవైపు రాదు, మననుంచి పోదు. నక్షత్రమూ అంతే. ధ్రువం మనకేసి తిరిగి ఉంటే డాప్లర్ గారు ఏమీ చెప్పలేరు. గీత సన్నగానే ఉంటుంది. అందుచేత గీత నుంచి మనకు దొరికేది అసలు వేగం కాదు. అసలు వేగాన్ని, ఇరుసు వాలిన కోణపు సైనుతో గుణించగా వచ్చినది మాత్రమే. దీనిని శాస్త్రవేత్తలు 'వి సైన్ ఐ' అంటారు. వి అంటే వేగం, ఐ అంటే ఆ కోణం. రెండిటి లబ్ధం తెలుసు, విడివిడిగా ఏదీ తెలియదు. ఒకడి చేతికొచ్చిన నికర జీతం మాత్రమే చెప్పి, కటింగులు చెప్పకుండా, వాడి మూలవేతనం ఎంతో చెప్పమన్నట్లు ఉంటుంది.

ఈ చిక్కును మన దేశంలో పుట్టిన చంద్రశేఖర్ గారు, మ్యూంచ్ అనే సహచరుడితో కలిసి 1950లో పరిశీలించారు. ఒక్క నక్షత్రం విషయంలో చెప్పలేకపోయినా, వందల నక్షత్రాలు కలిపి చూస్తే చెప్పవచ్చు. ఇరుసులు ఆకాశంలో ఎటుపడితే అటు వాలి ఉంటాయి కనుక ఆ సైను సగటు 0.785 అవుతుంది. అంటే పై నాలుగో వంతు. కనిపించిన వేగాల సగటు 157 అయితే అసలు వేగాల సగటు 200. సగటు ఒక్కటే కాదు, ఎంతమంది ఎంత వేగంలో ఉన్నారన్న పంపకాన్ని కూడా కొంతవరకు వెనక్కి రాబట్టే సమీకరణం వారు ఇచ్చారు. ఒక్కొక్కడి మూలవేతనం తెలియకపోయినా కేడరు మొత్తం సగటు చెప్పగలగడం అన్నమాట. కాని సగటు సగటే. ఫలానావాడి సంగతేమిటంటే అది సమాధానం చెప్పదు.

ఇప్పుడు అభిజిత్తు కథ. అదే వీగా నక్షత్రం. ఉత్తరాకాశంలో అతి కాంతిమంతమైన చుక్కల్లో ఒకటి. దాని గీతలు సన్ననివి. లెక్క కడితే సెకనుకు 22 కిలోమీటర్లు వచ్చేది. ఆ జాతి నక్షత్రాలలో అది చాలా నెమ్మది. అందుకని అది శాంతమైనదనీ, నిలకడైనదనీ అనుకున్నారు. తక్కిన నక్షత్రాల వెలుగును కొలవడానికి దానినే కొలబద్దగా పెట్టుకున్నారు. దశాబ్దాలు అలా గడిచాయి.

తరువాత మరింత నిశితంగా చూసినప్పుడు, దాని సన్నగీతలలో కొన్నిటి అడుగు గిన్నెలా గుండ్రంగా లేదని, పళ్ళెంలా చదునుగా ఉందని కనబడింది. గల్లివర్, హిల్, ఆడెల్మన్ అనే ముగ్గురు 1994లో దానికి అర్థం చెప్పారు. మనం అభిజిత్తును దాదాపు ధ్రువం మీదుగా చూస్తున్నాం. కోణం ఐదు డిగ్రీలే. మన కంటికి నడుమ కనిపించేది వేడి ధ్రువం, చుట్టూ అంచున కనిపించేది చల్లబడిన నడుము. కొన్ని గీతలు చల్లని చోటే గట్టిగా పడతాయి కనుక అంచుల వాటా పెరిగి అడుగు చదునయింది. ఐదు డిగ్రీల సైను సుమారు 0.09. 22ను దానితో భాగిస్తే దాదాపు 245. నెమ్మదైనదనుకున్న నక్షత్రం సెకనుకు 245 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది! తరువాతి కొలతల్లో ఆ అంకె కొంత అటూ ఇటూ మారింది గాని సంగతి మారలేదు. 2006లో అనేక దూరదర్శినుల వెలుగును కలిపి చూసే పద్ధతిలో దీనిని రూఢి చేశారు. ధ్రువానికీ నడుముకూ మధ్య వేడిలో తేడా వెయ్యి డిగ్రీలకు మించి ఉంది.

మా మనవరాలు ఇది చెప్పిన రోజున నేను చాలాసేపు మాట్లాడలేదు. "ఏం తాతయ్యా, అర్థం కాలేదా?" అంది. అర్థమయింది. అర్థమయినందువల్లనే మాట్లాడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ వేళ మీకు చెబుతున్నాను.

ఒకప్పుడు నేను పనిచేసిన సెక్షనులో ఆరు సీట్లు. నెలాఖరున అందరి పర్సనల్ రిజిస్టర్లు చూసి పట్టిక తయారు చేయడం నా పని. వచ్చినవి, పరిష్కరించినవి, మిగిలినవి, మూడే గడులు. నాకంటె పెద్దాయన ఒకరు ఎప్పుడూ అడుగున ఉండేవారు. తక్కినవారు నెలకు నలభై పరిష్కరిస్తే ఆయనవి తొమ్మిదో పదో. నేను ఆయన పేరు కింద ఎర్రసిరాతో గీత గీసి పైకి పంపేవాడిని. మెమోలు వచ్చాయి. చివరకు ఒక ఇంక్రిమెంటు, క్యుములేటివ్ ఎఫెక్టుతో, నిలిపేశారు. ఆ మాటకు అర్థం ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

రెండేళ్ళ తరువాత ఆయన బదిలీ మీద వెళ్ళారు. ఆ సీటు నాకు వచ్చింది. బీరువా తెరిచి చూస్తే అన్నీ సర్వీసులో ఉండగా చనిపోయినవారి కుటుంబ పెన్షను కేసులు. సర్వీసు రిజిస్టరు ఒక ఊళ్ళో, చివరి జీతం సర్టిఫికెట్టు ఇంకొక ఊళ్ళో, వారసత్వ ధ్రువపత్రం అసలే లేదు. చదువురాని ఇల్లాళ్ళ తరఫున అర్జీలు ఆయనే స్వదస్తూరితో రాసి పెట్టారు. ఒక్కొక్క ఫైలు వెనక పదిహేను, ఇరవై ఉత్తరాలు. ఆ సీటులో నా మొదటి నెల లెక్క ఏడు.

పాత పట్టికలు అన్యాయమని నేను ఒక నోటు పెట్టి ఉండవలసింది. పెట్టలేదు. నా లెక్కలో తప్పు లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి కూడికలో తప్పు లేదు కూడా. ఆయన ఇప్పుడు లేరు. ఆగిన ఆ ఇంక్రిమెంటు ఆయన పెన్షనులోనూ, తరువాత ఆయన ఇల్లాలి కుటుంబ పెన్షనులోనూ తరుగుతూనే వచ్చింది.

నక్షత్రాల వేగాల పట్టికలు మా మనవరాలు నాకు చూపించింది. వేల అంకెలున్నాయి. ఏ పట్టికలోనూ గడి పైన 'వేగం' అని ఉత్తినే రాయలేదు. 'వి సైన్ ఐ' అనే రాశారు. మాకు తెలిసినది ఇంతే, ఇది ఏ వైపునుంచి చూశామో దానిని బట్టి వచ్చిన అంకె అని ఒప్పుకుంటూ, ప్రతి పట్టిక నెత్తి మీదా రాసిపెట్టారు. నా పట్టికలో ఆ రెండు మాటలు లేవు. లెక్క తెలిసినవాడికీ, కూడిక మాత్రమే తెలిసినవాడికీ తేడా అక్కడే ఉందని నాకు డెబ్బై దాటాక తెలిసింది.

పిల్లలకు ఒక మాట. మీరు కంప్యూటర్ల మీద మాకంటె వెయ్యి రెట్లు త్వరగా లెక్కలు కడతారు. కట్టండి. వచ్చిన అంకె పక్కన, అది ఏ వైపునుంచి చూసినదో కూడా రాయండి.

ఈ డిసెంబరు రోజుల్లో చీకటి పడగానే డాబా ఎక్కి పడమటికి చూడండి. కొంచెం ఎత్తులో శ్రవణం కనిపిస్తుంది. దానికి కుడిపక్కన, వాయవ్యంలో, కిందికి దిగిపోతూ తెల్లగా మెరిసేది అభిజిత్తు. ఆలస్యమయితే అస్తమించిపోతుంది. మోకాళ్ళు సహకరించినవారు రాత్రి పదిన్నర దాటాక తూర్పున మఖను కూడా చూడవచ్చు. మూడూ కంటికి నిలకడగానే కనిపిస్తాయి. మూడూ విపరీతంగా తిరుగుతున్నాయి.